లావు టైరులో ఎంత గాలి

ఫిబ్రవరి 5

తెచ్చేశాను. ఫ్యాట్ బైక్, అంటే లావు టైర్ల సైకిల్. ముదురు ఆకుపచ్చ. టైరు వెడల్పు నా అరచేయి కంటే ఎక్కువే.

షాపు నుంచి ఇంటిదాకా తొక్కుకుంటూ వచ్చాను. దారిలో ఒక్కరూ నా మొహం చూడలేదు, అందరి చూపూ టైర్ల మీదే. మావారు చూసి, పాపం సైకిల్‌కి ఎక్కడైనా దెబ్బ తగిలి వాచిందా అన్నారు. పై అంతస్తు లెక్కల టీచరు దిగొచ్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, దీనికి డ్రైవింగ్ లైసెన్స్ అడగరు కదా అంది. మామగారు వంగి, ముందు టైరును బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, లోపలికి వెళ్లిపోయారు.

షాపాయన నెల టైమిచ్చాడు. నచ్చకపోతే మార్చి ఏడు లోపల తెచ్చివ్వొచ్చు. మెట్ల కింద పెట్టాను. ఇంకెక్కడా పట్టదు.

ఫిబ్రవరి 6

ఎందుకు కొన్నానో రాసి పెట్టుకోవాలి. రేపు నన్ను నేనే నిలదీస్తే జవాబుండాలి.

పోయినేడాది నేనూ టీచరూ టెంటు కట్టుకుని సరస్సు దాకా వెళ్దామని బయల్దేరాం. తారురోడ్డు, తర్వాత అడవి దారి, తర్వాత ఎండిపోయిన ఏరు. ఏట్లో మూడు కిలోమీటర్లు ఇసుక. అది దాటితే సరస్సు. నా సైకిల్ సన్న టైర్లు, వెనక సామాను, ఇసుకలో కొంతదూరం పోయేసరికి చైను దాకా దిగబడింది. ఈడ్చాను. కూర్చున్నాను. ఏడ్చాను కూడా. టీచరు అప్పటికే సగం దాటేసి, నాకోసం వెనక్కి వచ్చేసింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. అననందుకే ఇంకా బాధ.

ఈసారి సరస్సు చూడాలి. అంతే. రెండేళ్ల బోనస్ దీని మీద పెట్టడానికి ఇంకో కారణం లేదు.

ఫిబ్రవరి 8

అడవి దారిలో మొదటి రైడ్. ఇంత ఘోరంగా ఉంటుందనుకోలేదు.

వేరు తగిలితే ఎగిరింది. రాయి తగిలితే ఎగిరింది. ఏమీ తగలకపోయినా ఎగిరింది. బంతి మీద కూర్చుని వెళ్తున్నట్టే. పైగా బరువు. ఎత్తు ఎక్కేటప్పుడు నాకు తెలిసిన తిట్లన్నీ అయిపోయాయి. ఒకచోట పక్క పొదలో పడ్డాను. టీచరు పొదలోంచి నన్ను లాగుతూ, డబ్బిచ్చి మరీ కొనుక్కున్నావా దీన్ని అంది.

ఇంటికొచ్చి గాలి కొలిచే గేజు పెట్టి చూస్తే ముప్పై పాయింట్లు. షాపాయన ఎనిమిది చాలన్నాడు. నిన్న సాయంత్రం స్వయంగా ఎనిమిది పెట్టాను. నేను కళ్లద్దాల షాపులో వెనక గదిలో పదిహేనేళ్లుగా అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగిస్తున్నదాన్ని. వెంట్రుకవాసి తేడా వస్తే మిషన్ ఆపేసే మనిషిని. ఎనిమిదికీ ముప్పైకీ తేడా తెలియదా నాకు?

ఫిబ్రవరి 10

కొత్త గేజు కొన్నాను. రాత్రి పడుకునేముందు ఎనిమిది. పొద్దున పనికి బయల్దేరేటప్పుడు ముప్పై.

ఫిబ్రవరి 11

మావారు బేకరీలో పని చేస్తారు. పొద్దున నాలుగింటికే వెళ్లిపోతారు. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, పిండి రాత్రంతా ఉంచితే పొంగుతుంది కదా, గాలి కూడా అలాగే పొంగుతుందేమో. టీచరు కాగితం మీద లెక్క వేసింది. ఎండ వేడికి ఎనిమిది ముప్పై కావాలంటే మా మెట్ల కింద మావారి ఓవెన్ కంటే వేడిగా ఉండాలట. మేమెవరం బతికుండమట.

వాల్వులో ఏదో దోషం. ఖాయం.

ఫిబ్రవరి 15

మళ్లీ వెళ్లాను. బయల్దేరే తొందరలో గాలి చూసుకోలేదు. మళ్లీ బంతి. మళ్లీ పొద. అదే పొద.

ఫిబ్రవరి 16

మణికట్టు నొప్పి. చెయ్యి జారి ఒక అద్దం అంచు చిట్లింది. పాపం ఒక ముసలావిడది, రేపు ఇవ్వాల్సింది. మా ఓనరు ఇంకో అద్దం తీసిచ్చాడు, కానీ నా చేతుల వంక చూశాడు. చాలా అవమానంగా అనిపించింది.

తిరిగిచ్చేస్తాను. సరస్సూ వద్దు, ఏమీ వద్దు.

ఫిబ్రవరి 18, పొద్దున ఆరున్నర

అక్షరాలు వంకర పోతున్నాయి. నవ్వుకి.

ఐదున్నరకి మెలకువ వచ్చింది. కిందనుంచి బుస్ బుస్ మని చప్పుడు. దొంగ అనుకుని చీపురు పట్టుకుని దిగాను. మెట్ల కింద మామగారు. బనియన్, మోకాళ్ల దాకా మడిచిన లుంగీ, కాలితో తొక్కే పంపు. ఆయన పాతికేళ్లు బస్సు డిపోలో టైర్ల సెక్షన్. రిటైరయ్యాక ఇంట్లో కుర్చీలోంచి లేవడమే తగ్గిపోయింది. అలాంటి మనిషి లయగా పంపు తొక్కుతూ, ఈల వేస్తున్నారు. ఈల! ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్లయింది, ఆయనకి ఈల వచ్చని నాకు ఈరోజే తెలిసింది.

నన్ను చూసి ఏమీ కంగారు పడలేదు. వచ్చావా అమ్మాయ్, ఇది రోజూ రాత్రికి దిగిపోతోంది, ఎక్కడో సన్న లీకు ఉంది, నేనున్నా కదా నువ్వేం దిగులు పడకు అన్నారు. ట్యూబు రెండుసార్లు విప్పి బకెట్ నీళ్లలో ముంచి చూశారట. ఒక్క బుడగ కూడా రాలేదట. పాతికేళ్ల సర్వీసులో ఇంత మొండి లీకు చూడలేదట. చెబుతుంటే కళ్లు మెరుస్తున్నాయి.

అంటే రాత్రి నేను తీస్తున్నాను, పొద్దున ఆయన కొడుతున్నారు. పది రోజులుగా.

నోటిదాకా వచ్చింది. ఆ లీకు నేనే మామయ్యా అని. కానీ ఆ ఈల విన్నాక ఎలా చెప్పను? థాంక్స్ మామయ్యా అని చీపురుతో మెట్లు ఊడ్చి పైకి వచ్చేశాను.

ఫిబ్రవరి 19

మావారికి చెప్తే కుర్చీలో నవ్వి నవ్వి నేల మీదకి జారారు. చెప్పెయ్ అన్నారు. మీ నాన్న కదా మీరు చెప్పండి అన్నాను. నీ సైకిల్ కదా నువ్వే చెప్పు అన్నారు. అలా అన్నం చల్లారిపోయింది.

ఫిబ్రవరి 22

అబ్బ! అబ్బబ్బ!

ముప్పై పాయింట్లతో ఇంటినుంచి బుద్ధిగా బయల్దేరాను. సందు మలుపు తిరగ్గానే దిగి, అటూ ఇటూ చూసి, గాలి తీశాను. ఎనిమిది. దొంగతనంగా సిగరెట్ కాల్చేవాళ్లకి ఇలాగే ఉంటుందేమో.

అడవి దారిలో ఆ వేర్లు ఏమయ్యాయి? ఆ రాళ్లు ఏమయ్యాయి? ఉన్నాయి, కానీ టైరు వాటిని మింగుతూ పోయింది. మట్టి జారే మలుపులో పట్టు తప్పలేదు. నన్ను రెండుసార్లు పడేసిన పొద పక్కనుంచి చెయ్యూపుకుంటూ వెళ్లాను. టీచరు వెనకపడింది. ఆవిడ! వెనక! తారురోడ్డు మీద మాత్రం లాభం లేదు, జిగురులో తొక్కినట్టు ఉంది, అక్కడ ఆవిడ నన్ను చిటికెలో దాటేసి తిరిగి చూసి మరీ నవ్వింది. నవ్వుకోనీ.

ఇంటి మలుపు దగ్గర మళ్లీ గాలి కొట్టాలి కదా. నా దగ్గరున్నది చిన్న చేతిపంపు. మూడు వందల సార్లు కొట్టాక పదిహేను దగ్గర భుజాలు పడిపోయాయి. అలాగే తీసుకొచ్చి మెట్ల కింద పెట్టాను.

ఫిబ్రవరి 26

కొంప మునిగింది. ఆదివారం సాయంత్రం మామగారు ఆ పదిహేను చూశారు. లీకు పగలు కూడా మొదలైందని తేల్చారు. నాతో ఏమీ అనకుండా, ఈరోజు రెండు బస్సులు మారి సైకిల్ షాపుకి వెళ్లి, మా కోడలికి చెడ్డ బండి అంటగట్టావు అని షాపాయన్ని కడిగేశారట. ఆయన హడలిపోయి, తెచ్చెయ్యండి, ఏడో తారీఖు దాకా ఎందుకు, ఎల్లుండే మనిషిని పంపిస్తా అన్నాడట. మామగారు ఇంటికొచ్చి, ఆదివారం దాకా ఆపించానమ్మా, చివరిసారి తొక్కుకో అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, నువ్వు ఆ ఇసుకలో ఒక్కదానివి ఉండగా టైరు దిగిపోతే నేను తట్టుకోలేను అన్నారు.

భోజనం సరిగ్గా చెయ్యలేదు. ఈల మానేశారు.

ఆదివారం చెప్పాలి. చెప్పకపోతే సైకిల్ పోతుంది, సరస్సు పోతుంది, ఆయనేమో పట్టుకోలేని లీకు గురించి జీవితాంతం బాధపడతారు.

మార్చి 1

చెప్పాను.

ఊరి చివర వాగు ఎండి ఇసుక మేట వేసిన చోటికి మామగారిని స్కూటర్ మీద తీసుకురమ్మని మావారికి చెప్పి, నేను సైకిల్ మీద వెళ్లాను. ముప్పై పాయింట్లతోనే ఇసుకలోకి దిగాను. పది అడుగులు. దిగబడి పక్కకి ఒరిగాను. మామగారు పరిగెత్తుకొచ్చారు. అప్పుడు అక్కడే, ఇసుకలో కూర్చునే చెప్పేశాను. లీకు లేదు మామయ్యా, రోజూ రాత్రి నేనే తీశాను, ఈ టైరుకి గాలి తక్కువే ఉండాలట అని.

ఆయన నా వంక చూడకుండా హ్యాండిల్‌కి అంటిన ఇసుక దులిపారు. మావారు దూరంగా జరిగి ఫోన్ చూస్తున్నట్టు నటించారు. నాకు భయం వేసింది. కోపం వచ్చినా బాగుండేది.

తర్వాత మామగారు నెమ్మదిగా చెప్పారు. డిపోలో చేరిన కొత్తలో ఒక బస్సు వెనక టైరు మెత్తగా ఉందని తెలిసీ, సాయంత్రం చూద్దాంలే అనుకున్నారట. మధ్యాహ్నం అది వేడెక్కి పగిలింది. డ్రైవర్‌కి ఒక కాలు పోయింది. తర్వాత సర్వీసంతా ఏ బండి టైరూ మెత్తగా బయటికి వెళ్లనివ్వలేదు. మెత్తటి టైరు చూస్తే ఆ బస్సే గుర్తొస్తుందమ్మా, నీ టైరు అలా ఉంటే పడుకోలేకపోయాను అన్నారు. నేను ఏడ్చాను. ఇన్నాళ్లూ ఆయన నా సైకిల్‌కి గాలి కొడుతున్నారనుకున్నాను. నన్ను కాపలా కాస్తున్నారని తెలియలేదు.

అప్పుడు ఆయన లేచి నా టైరు చేసిన గాడి దగ్గర గొంతుక్కూర్చున్నారు. సన్నగా, లోతుగా, నేలను కోసినట్టు ఉంది. వేలు పెట్టి లోతు చూశారు. టైరు అచ్చు చూసి బండి బరువు చెప్పగల మనిషి ఆయన. ఒకసారి ఇటు తే అన్నారు. వాల్వు నొక్కి కొంచెం గాలి వదిలారు. నొక్కేటప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నారు. తొక్కు అన్నారు. తొక్కాను. అచ్చు చూశారు. ఇంకొంచెం వదిలారు. మళ్లీ తొక్కు. అలా ఏడెనిమిది సార్లు. చివరికి అచ్చు వెడల్పుగా, పైపైన, దుప్పటి పరిచినట్టు పడింది. నేను మేట ఈ చివర నుంచి ఆ చివరకి ఆగకుండా వెళ్లి తిరిగొచ్చాను. గేజు పెట్టమన్నారు. ముందు ఆరు, వెనక ఏడు.

ఇది బస్సు కాదమ్మా, దీని వేగానికి టైరు వేడెక్కదు, నేనే బుర్ర పెట్టలేదు అన్నారు. షాపాయన తప్పు చెప్పాడు, ఇసుకకి ఎనిమిది కూడా ఎక్కువే అన్నారు. పాతికేళ్ల సర్వీసు గొంతు అది. అదే గొంతుతో షాపాయనకి ఫోన్ చేసి, మనిషిని పంపొద్దన్నారు.

మార్చి 7

ఏడో తారీఖు. షాపుకి వెళ్లాం, నేనూ మామగారూ. సైకిల్ తీసుకెళ్లలేదు. స్పేర్ ట్యూబు కొన్నాం. మామగారు షాపాయనకి ఇసుకలో గాలి గురించి అరగంట పాఠం చెప్పారు. ఆయన నోట్ చేసుకున్నాడు.

మార్చి 14, సాయంత్రం ఐదు. సరస్సు ఒడ్డు

చూశాను. చూస్తున్నాను. నీళ్లు అంతులేకుండా ఉన్నాయి.

టెంటు, స్టవ్, నీళ్లు, ఇద్దరి బట్టలు, అంతా నా సైకిల్ మీదే కట్టాం. తారురోడ్డు మీద ప్రాణం పోయింది. టీచరు ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా ఆగి ఆవలించింది. అడవి దారిలో సమానం. ఏట్లోకి దిగే ముందు గేజు తీసి ఆరు, ఏడు పెట్టాను, సామాను బరువుకి వెనక ఇంకో పాయింటు. మామగారు చీటీ మీద రాసిచ్చారు.

మూడు కిలోమీటర్లు. ఒక్కసారి కూడా కాలు కింద పెట్టలేదు. అవతలి గట్టు ఎక్కి వెనక్కి తిరిగితే, టీచరు ఖాళీ సైకిల్‌ని భుజాన వేసుకుని మధ్యలో ఎక్కడో చీమలా వస్తోంది. సైకిల్ పడేసి ఎదురు వెళ్లాను. పోయినేడాది నువ్వు నాకోసం వెనక్కి వచ్చావు కదా అన్నాను. చమట తుడుచుకుంటూ, మాటలు తర్వాత, ముందు ఇది మొయ్యి అంది.

కొనొచ్చా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? రోజూ ఆఫీసుకి అయితే వద్దు. తొందరున్నవాళ్లకి వద్దు. మెట్ల కింద చోటు లేనివాళ్లకి వద్దు. నాకు కావాలి.

మార్చి 22, పొద్దున ఏడు. వాగు

ముందు ఐదున్నర, వెనక ఆరు. ఇసుక తడి. తొక్కుతున్నది మామగారు. అరవై ఎనిమిదేళ్లు. ఆగమంటే ఆగడం లేదు. మావారు స్కూటర్ మీద కూర్చుని నవ్వుతున్నారు, నేను వెనకాల పరిగెడుతూ, ఆగుతూ, ఇది రాస్తున్నాను.