సొంత హెడర్ ముందు

మే 9

ఇవాళ మళ్లీ తిట్లు. సైరన్ ప్రోగ్రాము ఫైల్లో ఇంక్లూడ్ల వరస, అంటే కావాల్సినవాటి జాబితాల్లాంటి హెడర్లను ఫైలు నెత్తిన పిలుచుకునే వరస, తప్పిందట. ఆఫీసులో నా సీనియర్ సుధాకరన్న కుర్చీ లాక్కుంటూ వచ్చి నా స్క్రీన్ మీద వేలు పెట్టాడు. "ఏంది సుజాతా ఇది? సొంత హెడర్ యాడ?" మూడో లైన్లో ఉంది. "మూడో లైన్లో ఉంటే ఎట్టా? ఇంట్లోవాళ్లకి పెట్టకుండా పక్కింటోళ్లకి వడ్డిస్తావా?"

మార్చాను. ఒక్క లైను పైకి జరిపానో లేదో, కోడ్‌లో తప్పులు పట్టే కంపైలర్ గోల. తనకు కావాల్సినవి తాను పిలుచుకోకుండా, పైనున్న హెడర్లు తెచ్చినదాంతోనే కాలక్షేపం చేస్తోంది ఇన్నాళ్లూ నా హెడర్. సొంతదాన్ని ముందు పెట్టమనేది ఇందుకే... దాని బద్ధకం అక్కడికక్కడే బయటపడుతుంది. అన్న చెప్పేది నిజం. పైకి ఒప్పుకోను గానీ నిజమే.

మే 13

వాటర్ క్యాను పైన గోడకు చార్టు అంటించాం. సుధాకరన్న చెప్పాడు, నేను స్కెచ్ పెన్నుతో రాశాను. ప్రతి ఫైలూ మొట్టమొదట తన సొంత హెడర్‌ను పిలవాలి. తర్వాత కంపైలర్‌తో వచ్చేవి, ఆ తర్వాత మనం రాసుకున్నవి. ఎవరికి కావాల్సింది వాళ్లే తెచ్చుకోవాలి. టెస్టు హెడర్లు టెస్టు ఫైళ్ల గడప దాటకూడదు.

ఎవరికి కావాల్సింది వాళ్లే అన్నది నిజానికి నాయన మాట. నాయన వేట బోటులో ఎవరి కత్తి వాళ్లది, ఎవరి మంచినీళ్ల క్యాను వాళ్లది. "పక్కోడు తెస్తాడులే అనుకునేవాడు నా బోటెక్కొద్దు" అంటాడు. ఈ సంగతి చెబితే సుధాకరన్న బల్ల చరిచాడు. "మీ నాయన పుట్టుకతోనే ప్రోగ్రామర్ అబ్బా!" సాయంత్రం మా ఇంటికి వచ్చి, చేపల పులుసు అడిగి అడిగి వేయించుకుని, నాయనతో కూడా అదే అన్నాడు. నాయనకు ఏమర్థమైందో ఏమో. నవ్వాడు మాత్రం.

మే 14

కింది అంతస్తు పళ్ల డాక్టరు మళ్లీ పైకి వచ్చాడు. నోట్లో మిషను ఉండగా మా సైరన్ మోగి పేషెంటు ఎగిరిపడ్డాడట. పాపం, నవ్వకూడదు. సుధాకరన్న అప్పటికప్పుడే మ్యూట్ హెడర్ ఒకటి రాశాడు. టెస్టు ఫైళ్లలో అది కలిపితే సైరన్ నోరెత్తదు. మోగాల్సినప్పుడు స్క్రీన్ మీద ‘కూత’ అని ఒక మాట పడుతుంది, అంతే. ఆఫీసుకు ప్రశాంతం.

మే 22

జువ్వలదిన్నె రేవులో పెట్టెలు బిగించాం. జూన్ సగం దాకా చేపల వేట నిషేధం కదా, బోట్లన్నీ పనీపాటా లేకుండా వరసగా కట్టేసి ఉన్నాయి. ఇంజన్ గదిలోకి నీళ్లు చేరితే మోగాలి ఈ పెట్టె. కంపెనీ దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టింది. రేవులో మాత్రం అది కూత పెట్టె.

మొదటిది నాయన బోటుకు. ఆయన పెట్టించుకున్నాడని మిగతావాళ్లు. "మా పాప చేసింది" అని గట్టు మీద కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. సిగ్గేసింది. బాగుంది కూడా.

టెస్టు బటన్ నొక్కబోతే పోలయ్య మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అమ్మ తమ్ముడు, నన్ను భుజం మీద మోసిన మనిషి. ఆయన మాట తీసెయ్యలేను. "వద్దు మ్మే. సంద్రానికి పోకముందే బోటు ఏడవకూడదు." గట్టు మీద అందరిదీ అదే పాట. సుధాకరన్న అక్కడే, ఐసు పెట్టె మీద కూర్చుని, లాప్‌టాప్ తీసి టెస్టు మార్చేశాడు. ఇక బటన్ నొక్కితే పచ్చ లైటు వెలుగుతుంది, చప్పుడు ఉండదు. "వాళ్ల నమ్మకం వాళ్లది, మనదేం పోయింది." ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను.

మే 23

సుధాకరన్న లాంటి అన్న నిజంగా ఉంటే బాగుండు. రాసుకున్నాను, ఎవరికీ చూపించను.

జూన్ 8

రేపు సంగం ఊళ్లో పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షను. పోవాలా వద్దా... వేట మొదలయ్యేలోపు పెట్టెలన్నిటికీ కొత్త ప్రోగ్రాము ఎక్కించాలి. బోటు సిగ్నల్ అందేంత దూరంలో ఉంటే ఇంట్లోవాళ్ల ఫోనుకు మెసేజ్ కూడా పోవాలని మా కంపెనీ సార్ పట్టు. అందుకోసం బయటివాళ్ల కోడ్ ఉన్న కొత్త లైబ్రరీ కలిపామో లేదో, స్క్రీన్ నిండా ఎర్రర్లు. ఒక్కో ఫైలూ తెరిచి ఎవరికేం కావాలో చూసుకుంటూ పోవడమే దారి. ఓపిక పని. సుధాకరన్న అన్నాడు...

"నువ్వు పో సుజాతా, నేను చూసుకుంటా. నీ సిస్టమ్ పాస్‌వర్డ్ చెప్పి పో. బిల్డ్ దాంట్లోనే కదా అయ్యేది."

చెప్పాను.

జూన్ 10

సంగం. బ్యారేజీ మీద గాలికి పిల్లలందరి జడలూ చెదిరిపోయాయి. సుధాకరన్న మెసేజ్... "అయిపోయింది. పెట్టెలన్నిటికీ ఎక్కించినా. హాయిగా తిను." హాయిగా తిన్నాను.

జూన్ 15

వేట మొదలు. అమ్మ బోటుకు పసుపు రాసింది. నాయన టెంకాయ కొట్టి, ఇంజన్ గదిలోకి వంగి బటన్ నొక్కాడు. పచ్చ లైటు. నా వైపు చూసి తలూపాడు.

జూన్ 26

నాయన బోటును పోలయ్య మామ బోటు తాడు కట్టి లాక్కొచ్చింది.

అందరూ బతికే ఉన్నారు. ముందు అది రాయాలి. అందరూ బతికే ఉన్నారు.

నిద్రలో కాలికి తడి తగిలి నాయన లేచాడట. అప్పటికే ఇంజను సగం మునిగింది. అన్నం గిన్నెలతో తోడారు, ఐసు డబ్బాలతో తోడారు. బరువు తగ్గాలని వల కోసి వదిలేశారు. నాయన వల కోసేశాడు... చేత్తో అల్లుకున్న వల.

పెట్టె కూయలేదు.

నాయన రేవులో దిగి, తడి బట్టలతో నా ముందు నిలబడి అడిగింది ఒకే మాట. "కూయలేదేంది మ్మే?"

జూన్ 27

ఆఫీసుకు పరుగు. సుధాకరన్న నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. నాకు నీళ్లిచ్చాడు. కూర్చోబెట్టాడు. "ఉప్పుగాలి సుజాతా. లేదంటే వైరు. మీవోళ్లు యాడో తొక్కుంటారు. కోడ్‌లో ఏముంటాది, మనం రాసింది కదా."

మనం రాసింది. ఆ మాటతో నా గుండె కుదుటపడింది.

రాత్రి అన్నాల దగ్గర నాయనను అడిగాను, "వైరు ఎవరన్నా తొక్కినారా నాయనా?" కంచంలో చెయ్యి ఆగిపోయింది.  అమ్మే అంది... "మునిగిపోయుంటే కూడా ఇదే అడిగేదానివా?"

జూన్ 28

పెట్టె విప్పించి ఇంటికి తెచ్చాను. పెరట్లో బక్కెట్టు. సెన్సరును నీళ్లలో ముంచాను. ఎర్ర లైటు వెలిగింది. కూత లేదు. వైరు నిక్షేపంలా ఉంది, ఎవరూ తొక్కలేదు. సైరన్ తీసి నేరుగా బ్యాటరీకి తగిలిస్తే పక్కింటి కోళ్లన్నీ గోడెక్కాయి.

సెన్సరు మంచిది. సైరన్ మంచిది. మధ్యలో ఉన్నది మనం రాసింది.

నాయన గుమ్మంలోంచి చూస్తున్నాడు. వైరు సంగతి ఇక ఎత్తలేదు నేను. ఆయనా ఎత్తలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

జూన్ 29

ఆదివారం. ఆఫీసులో ఎవరూ లేరు. సైరన్ ఫైలు తెరిచాను.

మొదటి లైన్లో సొంత హెడర్ లేదు. ‘అన్నీ’ అని ఒక కొత్త హెడర్. ప్రతి ఫైలు నెత్తినా అదే. తెరిచి చూస్తే, మా హెడర్లన్నీ ఒక్క మూటగా కట్టి పడేసి ఉన్నాయి. ఎవరికేం కావాలో చూసే ఓపిక లేక అందరికీ అన్నీ. ఎర్రర్లు పోకేం చేస్తాయి.

ఆ మూటలో అన్నిటికంటే పైన... మ్యూట్ హెడర్.

సైరన్ హెడర్‌లో నేను రాసిన లైను ఒకటుంది. కూయాలా వద్దా అని అప్పటికే ఎవరూ చెప్పి ఉండకపోతే, కూయి. మ్యూట్ హెడర్ ముందే చేరి వద్దని చెప్పేసింది. నా హెడర్ బుద్ధిగా నోరు మూసుకుంది. సొంత హెడర్ ముందుండి ఉంటే? కూయి, కూయొద్దు అనే రెండు మాటలూ ఢీకొని కంపైలర్ అక్కడే అరిచేది. దాని నోరు నొక్కారు, పెట్టె నోరూ పోయింది.

ఆఫీసులో కూయదు, డాక్టరు కోసం. రేవులో కూయదు, ఆచారం కోసం. ఈ ప్రోగ్రాము కూయగా విన్న మనిషే లేడు. మొదటిసారి వినాల్సింది నాయన.

మార్చిందెవరో కూడా ఫైలు చరిత్రలో చూశాను. నా పేరు ఉంది. నేను సంగంలో విస్తరి ముందు కూర్చున్న రోజు, ఈ మార్పు చేసింది నేనట.

ముందు నా పాస్‌వర్డ్ మార్చాను. 

జూన్ 30

సుధాకరన్నను అడిగేశాను. చార్టు కిందే, నిలబెట్టి.

"సార్ వెనకాలే నిలబడుంటే ఏం చేసేది సుజాతా..." "ఒక్క రోజులో కావాలన్నాడు..." "పేరు మార్చడం మర్చిపోయినా, అంతే. నీ సిస్టమ్ కదా..."

ఇంతవరకూ నేను క్షమించేదాన్నేమో. భయంతో తప్పు చేయనివాళ్లెవరు. కానీ ఒక్కటి అడిగాను. ఎప్పుడు తెలిసింది?

తల దించుకున్నాడు. నాయన బోటు వచ్చిందని తెలిసిన రోజే చూశాడట.

అంటే నాకు నీళ్లిచ్చి కూర్చోబెట్టినప్పటికే తెలుసు. వైరు తొక్కుంటారు అన్నప్పటికే తెలుసు. అన్నీ తెలిసి నన్ను ఇంటికి పంపి, నా నోటితోనే మా నాయనను అడిగించాడు. మా ఇంట్లో పులుసు తిన్న చేత్తోనే నాకు నీళ్లిచ్చాడు.  

"బోట్లు ఒక్కోటీ తిరిగొచ్చినప్పుడు సర్వీసని చెప్పి మార్చేద్దాం. ఎవురికీ తెల్దు."

మరి ఇప్పుడు వేటలో ఉన్నవాళ్లు?

"ఏం కాదులే."

సాయంత్రం సార్ పిలిచాడు, సుధాకరన్న అప్పటికే అక్కడున్నాడు. స్క్రీన్ మీద ఆ మార్పు, పక్కన నా పేరు. నేను నోరు తెరిచేలోపే సుధాకరన్న అందుకున్నాడు. "చిన్నపిల్ల సార్. నేర్చుకుంటాది." నన్ను వెనకేసుకొస్తున్నట్టు! సార్ తలూపాడు. నేను కాదు సార్ అన్నాను. ఆ రోజు ఊళ్లోనే లేను అన్నాను. "సరే సరే, బయట మాత్రం అనొద్దు, కంపెనీ పరువు" అన్నాడాయన. నా మాట నమ్మాడో లేదో కూడా తెలియదు. అవసరం లేదు ఆయనకు.

అన్న. ఇకమీద ఆ మాట ఈ పేజీల్లో రాయను.

జూలై 1, పొద్దున

ఆఫీసుకని రోజూ ఎక్కే బిట్రగుంట ఆటో ఎక్కలేదు. నాయన దగ్గరికి పోయాను. గట్టు మీద వేరేవాళ్ల వల బాగుచేస్తున్నాడు, ఆయనది లేదు కదా. అంతా చెప్పాను. మూట, మ్యూట్, నా పేరు, ఏం కాదులే... అంతా. వైరు మాట అడిగినందుకు ఏడ్చాను కూడా.

ఎంత అర్థమైందో. నేను కత్తులూ నీళ్ల క్యాన్లూ అని చెప్పినచోట మాత్రం తల ఎత్తాడు. "అంటే మన మాట గోడకు రాసి పెట్టుకొని, ఆయనే తప్పినాడు."

అవును నాయనా.

"ఏడవబాక. పెట్టెలున్న బోట్లు సంద్రం లోపల ఏవేవి ఉండాయి?"

జూలై 1, మధ్యాహ్నం

నాయన బోటులో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్నాడు. పక్కన నేను. నాయన గొంతు నీళ్ల మీద పోతోంది...

"పెట్టెను నమ్ముకోవద్దండి. మా పాప చేసిన పెట్టె కూయదు. వంతులేసుకొని మేలుకోండి. బోటు అడుగు చూసుకుంటా ఉండండి. మా పాప చేసిన పెట్టె కూయదు."

సెట్టు కింద పెట్టగానే అడిగాను. "నేను కాదని చెప్పినా కదా నాయనా. ఆయన పేరు చెప్పొచ్చు కదా."

"ఆయన పేరు వాళ్లకేం తెలుసు? వాళ్లు పెట్టించుకునింది నిన్ను చూసి."

కోపం వచ్చింది. ఆయన మీదే వచ్చింది. నిజం చెప్పాడని వచ్చింది. ఆ సిస్టమ్‌లో నా పేరు పెట్టింది ఒకడు, ఈ సెట్టులో నా పేరు పెట్టింది మా నాయన. రెండూ ఒకటి కావని తెలుసు. అయినా మనసు ఒప్పుకోవడం లేదు.

దగ్గరి బోట్లు పలికాయి. వాళ్లు దూరం వాళ్లకు అందిస్తున్నారు. ఒకాయన తిట్టాడు, నేను వింటున్నానని తెలియక. తెలిసినా తిట్టేవాడేమో. తిట్టనీ.

పోలయ్య మామ పలకలేదు. నాయనను ఒడ్డుకు చేర్చి, డీజిల్ కొట్టించుకుని, ఆ మర్నాడే మళ్లీ పోయాడు. బాగా లోపలికి పోయుంటాడు అంటోంది అమ్మ. సెట్టు ఆపేసి నిద్రపోతుంటాడు అంటోంది. పోయేముందు బటన్ నొక్కి పచ్చ లైటు చూసుకునే ఉంటాడు. ఆయనకు అది అలవాటు, నేనే చేశాను ఆ అలవాటు.

ఒళ్లో నా ఫోను మోగుతోంది. సుధాకర్. మోగనీ.

నాయన మళ్లీ సెట్టు అందుకున్నాడు. పోలయ్యా... పోలయ్యా... సుజాత పెట్టె కూయదు, లెయ్యి.