ఆగని కారు, మాట్లాడని బావమరిది

మండపేట,
జూన్ 1998

చిరంజీవి దొరబాబుకి మీ బావ చంద్రరావు దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం, కారు తప్ప. గృహప్రవేశానికి నేను స్వయంగా వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా బస్సు కండక్టరు చేత కార్డు పంపేనని, నాతో మాట్లాడననీ, మా గడప తొక్కననీ నువ్వు ఒట్టేసుకుని ఏడాది దాటింది. మాట్లాడొద్దులే. రాయడానికి ఒట్టు అడ్డం రాదు కదా. నిన్నే అడగమని మీ అక్క వీరవేణి నా ప్రాణం తీస్తోంది.

సంగతేంటంటే, మొన్న కొన్న పాత మారుతికి బ్రేకు తొక్కితే కత్తి సాన పట్టినట్టు చప్పుడొస్తోంది. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లూ, అవి పట్టుకునే ఇనప డిస్కులూ అరిగిపోయాయని మెకానిక్కు చెప్పేడు. కారు అతని దగ్గర వదిలితే వాళ్ళింట్లో పెళ్ళికి తిరుగుతుంది. అంచేత నేనే ఇంటి దగ్గర మార్చుకుంటాను. బోదె కాలవ మీద డీజిలింజను విప్పి బిగించిన చెయ్యి ఇది. రాజమండ్రిలో స్పేర్ పార్ట్స్ కొట్టు పెట్టుకున్నవాడివి, ఆ సామాను బస్సులో వేయించి, ఎలా బిగించాలో నాలుగు ముక్కలు రాయి.

ఇట్లు,
నీ బావ

తా.క. సామాను ఆ కండక్టరు చేతే పంపు. చాలా నమ్మకస్తుడు. నీ కార్డు నీకు అందింది కదా.


రాజమండ్రి

బావగారికి నమస్కారాలు.

అక్క ఎక్కే కారు గనక రాస్తున్నాను. మెత్తబడ్డాననుకోకండి.

మొట్టమొదట వెనక చక్రాలకి ఇటుకలు ఎదురు పెట్టండి. జాకీ ఎత్తి చక్రం విప్పండి. ప్యాడ్లని డిస్కుకేసి నొక్కే ఇనప దిమ్మ ఒకటుంటుంది, దాన్ని కాలిపర్ అంటారు. దాని బోల్టులు తీసి పక్కన తాడుతో వేలాడగట్టండి, బ్రేకు ఆయిలు గొట్టం మీద బరువు పడకూడదు. పాత డిస్కూ ప్యాడ్లూ తీసి, కాలిపర్‌లో ఉన్న పిస్టన్‌ని లోపలికి నెట్టి, కొత్తవి వేసి బిగించండి. రెండో చక్రానికీ అంతే. తెలీనిచోట ‘ఇది చాల్లే’ అని సొంతంగా అనుకోకండి. గృహప్రవేశానికి కార్డు చాల్లే అనుకున్నారు, చూశారుగా.

ఇట్లు,
దొరబాబు

తా.క. అంతా బిగించాక, కారు కదపకముందే, బ్రేకు పెడలు గట్టిపడేదాకా తొక్కుతూ ఉండండి. లేకపోతే మొదట బ్రేకు అసలు పడదు.


మండపేట

దొరబాబుకి,

తా.క.లో పిల్లల్ని అడిగినట్టు చెప్పమని రాస్తారు గానీ, ప్రాణాల మీదకొచ్చే సంగతి రాస్తారట్రా? పైనున్నదంతా చదివి, నువ్వన్నట్టే బిగించి, వాకిట్లో కారు ముందుకి పోనిచ్చి బ్రేకు తొక్కేను. పెడలు అడుగంటింది. కారు తిన్నగా గడ్డిమేటులోకి వెళ్ళింది. మీ అక్క గడ్డి పీకి నన్ను బయటికి తీసింది. అప్పుడు తీరిగ్గా కూర్చుని నీ తా.క. చదివేను.

పెడలు తొక్కగా తొక్కగా గట్టిపడింది, ఒప్పుకుంటాను. అయినా బండి జారుతోంది గానీ ఆగట్లేదు. కారు చప్పుడు వింటే మా గేదెలు లేచి నిలబడుతున్నాయి. నాకు నకిలీ సరుకు అంటగట్టేవా? పగ ఉంటే మాటల్లో తీర్చుకోవాలి గానీ బ్రేకుల్లోనా?

ఇట్లు,
గడ్డిలోంచి లేచొచ్చిన మీ బావ

తా.క. ఇక్కడ ముఖ్యమైందేం లేదు. ఉత్తరం అంటే అలా రాయాలి.


రాజమండ్రి

బావగారికి,

నకిలీ అన్నారు. కొట్లో కూర్చుని చదివితే నా మొహం చూసి గుమాస్తా మంచినీళ్ళిచ్చాడు. కొత్త డిస్కులు తుప్పు పట్టకుండా నూనె రాసి పంపుతారండి. పెట్రోలుతో తుడిచాకే బిగించాలి. అది ఎవరికైనా తెలుసు. మీకు తెలీదన్న సంగతి నాకు తెలీలేదు, అది నా తప్పే. నూనె పీల్చిన ప్యాడ్లు ఇంక పనికిరావు. ఇంకో జత పంపుతున్నాను. డిస్కులు బాగా తుడవండి. మీ చేతులు కూడా తుడుచుకోండి. బాగయ్యేదాకా కారు గేటు దాటించకండి.

ఇట్లు,
దొరబాబు

తా.క. కారు ఆగుతోందో లేదో చూసేటప్పుడు అక్కని ఎక్కించుకోకండి. మీరొక్కరే ఎక్కండి.


మండపేట

దొరబాబుకి,

తుడిచేను. చేతులు కూడా. సాయంత్రం బిగించి తొక్కితే ఠక్కున ఆగింది. ఆ ఆగడం చూసి ముచ్చటేసి, నిన్ను మెచ్చుకుంటూ కార్డు కూడా రాసేను. పొద్దున్నే పోస్టు చేద్దామని కారెక్కితే, అది మళ్ళీ జారుకుంటూ వెళ్ళి కొబ్బరికాయల రాశిని గుద్దింది. కాయలన్నీ వీధిలోకి దొర్లేయి. కొనడానికొచ్చిన షావుకారు వాటిని ఏరుకుంటూ, “చంద్రరావుగారూ, లోడింగు ఇలా కూడా చేస్తారాండి?” అన్నాడు. నీకు రాసిన కార్డు అక్కడే చించేసేను.

“మా తమ్ముడొచ్చి చూస్తే గానీ ఇది బాగవదండి” అని మీ అక్క ఒకటే పాట. నీ సరుకు, నువ్వే వచ్చి చూసుకో. కారు వాకిట్లోనే ఉంది, గడప తొక్కక్కర్లేదు. నన్ను చూడక్కర్లేదు, శనివారం నేను చేలో ఉంటాను.

ఇట్లు,
చంద్రరావు

తా.క. పిలిచేననుకునేవు. ఇది కంప్లయింటు.


రాజమండ్రి

బావగారికి,

శనివారం వచ్చి చూశాను. నా ఒట్టు చెడలేదు. భోజనం కార్లోనే కూర్చుని చేశాను. అక్క కిటికీలోంచి వడ్డించింది. రొయ్యల ఇగురు స్టీరింగుకి అంటింది, తుడుచుకోండి.

చక్రం విప్పితే ఏముందండీ, డిస్కంతా ఆముదం! బావగారూ, అది ఎడ్లబండి ఇరుసు కాదండి. తిరిగేదానికల్లా కందెన పెట్టేయడమేనా? ఆగాల్సిన చోట ఎవరైనా జారుడు రాస్తారా? పైగా నా సరుకు నకిలీదని ఊరంతా చెప్పారు. శుభ్రంగా తుడిచి, ప్యాడ్లు మార్చి వచ్చాను. ఇప్పుడు ఆగుతుంది. ఇంక మనకి ఉత్తరాలతో పనిలేదు. ఇదే ఆఖరిది.

ఇట్లు,
దొరబాబు

తా.క. ఆముదం సీసా అటక మీద పెట్టమని అక్కకి చెప్పాను. మీకు అందకుండా.


మండపేట

దొరబాబూ,

ఆముదం నేను రాయలేదురా.

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి మీ అక్కకి చదివి వినిపించేను. ‘ఇదే ఆఖరిది’ అన్నచోట పోపు మాడింది. “నేనే రాశానండి” అంది. ఆ సాయంత్రం కారు బాగా ఆగిందని నేను నీకు కార్డు రాసుకుంటుంటే, ఈవిడ చక్రం కన్నాల్లోంచి కోడి ఈకతో ఆముదం రాసిందట.

“నన్ను చంపుదామనా?” అన్నాను.

“వాకిట్లోనే కదండీ తిప్పేది. పోతే గడ్డిలోకి పోతారు. కారు బాగైపోతే మీరిద్దరూ ఆ ఉత్తరాలు కూడా మానేస్తారు. తిట్టుకుంటేనేం, వాడి చేతిరాత మనింటికి వస్తోంది కదా అనుకున్నానండి” అంది.

మాడిన పోపు నేనే పొయ్యి మీంచి దించేను. పెళ్ళయ్యాక మీ అక్క నన్నలా బతిమాలుతున్నట్టు చూడ్డం అదే మొదలు.

కార్డు పంపడం నాదే తప్పు. కండక్టరు ఎంత మంచివాడైనా నీకు బావ కాడు కదా. గురువారం ఉదయం మీ అక్కా నేనూ వచ్చి మీ ఇంటిల్లిపాదినీ బొట్టు పెట్టి పిలుస్తాం. ఏ ఫంక్షనని అడక్కు. ఏ ఫంక్షనూ లేదు. ఆదివారం భోజనానికి. ఇంట్లో కుర్చీలున్నాయి, వచ్చి కూర్చో.

ఇట్లు,
మీ బావ

తా.క. బస్సులోనే వస్తున్నాం. కార్లో వెళ్దామంటే మీ అక్క ఎక్కనంది. తమ్ముడు బాగుచేసి వెళ్ళాక మళ్ళీ ఏమన్నా రాసేవా అని అడిగితే, అటు తిరిగి నవ్వుతోంది.