ముక్కు తెరుచుకున్నాక

అమ్మా, నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగపెట్టుకోకు.

నువ్వు చెప్పినట్టే కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటున్నాను. కోతమిల్లు రంపంపొట్టుకు ఏళ్లుగా దిబ్బడేసిన ముక్కు మొన్న తెరుచుకుంది. వెంటనే గదిలో కుళ్లు కంపు కొట్టింది. ఎలుక చచ్చిందనుకుని మంచాలు జరిపాను. తీరా చూస్తే పక్క మంచం మీద బావ కాలి పుండుకు కట్టిన కట్టులోంచి వస్తోంది. షుగరు వల్ల ఆయనకు నొప్పి తెలియలేదు, మిల్లు ముక్కులు కాబట్టి మాకెవరికీ వాసన తెలియలేదు. నిన్న ఆస్పత్రిలో కాలు మోకాలి దాకా తీసేశారు.

అక్కను దగ్గర కూర్చోబెట్టుకుని నువ్వే చెప్పు. బావ లుంగీలు పంపు, ప్యాంట్లు ఇక వద్దు. చంటిదాని దగ్గు తగ్గిందా? నాన్నకు నమస్కారాలు.

మెలకువ రాగానే బావ అన్న మాట: "ఆ ఉప్పునీళ్లు నాకూ కాచిపెట్టరా, రెండో కాలిని నేనే కనిపెట్టుకుంటాను."

నీ చిన్నోడు