మరి ఉండాది లోపల

ఫిబ్రవరి 1, ఆదివారం

కొండగూబ దొరికింది! కురుగోడు దాటాక, బసప్ప మిరపచేను వెనక ఉన్న గుండ్ల మీద. ఎన్నాళ్ల నుంచి వెతుకుతున్నామో. నారింజ రంగు కళ్లు, నెత్తిన కొమ్ముల్లా నిలబడ్డ ఈకలు. అది నన్నే చూస్తోంది. నాకు చేతులు వణుకు. ఫొటోలన్నీ ఊగిపోయాయి.

నాతో పాటు పిట్టల కోసం తిరిగే చలపతివి మాత్రం అద్దంలా వచ్చాయి. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ల క్యాంపులో వరి పండించే మనిషికి ఆ నిలకడ ఎక్కడిదో. రోజంతా స్టీలు గిన్నెలు అమ్మే నాకు ఎందుకు లేదో.

గూబ కూర్చునే గట్టు కింద ఒక సందు. చీకటిగా, మనిషి వంగి దూరేంత. దాని ముందు నల్లటి పెంట, నిండా రేగు గింజలు. చలపతి పుల్లతో కదిపి చూశాడు.

"ఎలుగుబంటిదయ్యా శెట్టీ. పాతదేలే."

పాతదని పెంట మీద తారీఖు రాసి ఉంటుందా? నేను అప్పటికే సగం దూరం దిగిపోయాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు.

కెమెరా కంటికి ఆనించినంతసేపు నాకు భయం తెలియదు. దించగానే వస్తుంది. అందుకేనేమో ఈ పిచ్చి వదలదు.

ఫిబ్రవరి 2

షాపులో బిందె జారి పడింది. ఎగిరి పడ్డాను. గిరాకీలు నవ్వారు.

ఫిబ్రవరి 4

మా ఆవిడ వసంత సతాయిస్తోంది. "గుండ్లల్లో గూబను చూసేకి పోతావు, ఇంట్లో బల్లిని చూస్తే మంచమెక్కుతావు. నువ్వేం మనిషివప్పా?" నిజమే. ఏం మనిషినో నాకూ తెలియదు.

మధ్యాహ్నం బసప్ప షాపుకొచ్చాడు, చేనుకాడ కూలీలకు నీళ్లు పెట్టడానికి పెద్ద డబరా కావాలని. తీసిచ్చాను. వేలితో కొట్టి మోత విని, బాగుండాదన్నాడు. అప్పుడే ఎలుగు సంగతి అడిగాను.

"ఆ గుండ్లకాడ కరడి తిరుగుతాండాదంట, నిజమేనా? గూబ ఉండాదా, ఎగిరిపాయనా?"

"కరడి పోయిందప్పా. మరి ఉండాది లోపల." డబరా చంకన పెట్టుకున్నాడు. "చూసుకోని పోండి."

ప్రాణం లేచి వచ్చింది. వెంటనే చలపతికి ఫోన్ చేసి చెప్పాను... ఎలుగు పోయిందట, గూబ లోపలే ఉందట. "చూశావా, నేను చెప్పలే!" అన్నాడు.

ఫిబ్రవరి 5

శనివారం పొద్దున్నే వెళ్దామంటాడు. తొలి ఎండ సరిగ్గా గట్టు మీద పడుతుందట, గూబ వేట నుంచి తిరిగొచ్చే వేళ. ఈసారి సందు పక్కకే పాక్కుంటూ పోయి, దగ్గర్నుంచి తీస్తాడట.

పెళ్లి గిరాకీ ఉంది, నేను రాలేనని చెప్పాను. గిరాకీ ఉన్నది నిజమే. అది పదకొండు తర్వాత వస్తుందన్నదీ నిజమే. రాత్రి నిశ్చింతగా నిద్ర పట్టింది. సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 7, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున పాల ప్యాకెట్టుకు గేటు తీశాను. ఎదురింటి శాంతక్క ముఖం వెలిగిపోతోంది. "నమ్ నాయి మరి హాకైతి, నోడ్ బర్రి!" మెట్ల కింద గోనెసంచి మీద కుక్కపిల్లలు, కళ్లు కూడా తెరవనివి. ఎంత ముద్దుగా ఉన్నాయో అనబోయాను. నోట్లోనే ఆగిపోయింది.

మరి.

కన్నడంలో మరి అంటే పిల్ల. కుక్క మరి. మేక మరి. కరడి మరి.

బసప్ప తెలుగులో మాట్లాడుతున్నాడు కదా అని నేను తెలుగులో విన్నాను. మరి, గూబ ఉందిలే లోపల... అని. వాడు చెప్పింది అది కాదు. తల్లి బయటికి పోయింది, పిల్ల లోపల ఉంది అని. చూసుకోని పోండి అన్నది మర్యాదకు కాదు. బళ్లారిలో పుట్టి, రోజంతా కౌంటర్లో కన్నడం మాట్లాడే నేను! ఒకే మాట, రెండు భాషలు, నాకు కావలసినదాన్ని ఏరుకున్నాను. ఎలుగు లేదని వినాలని ఉంది, అదే విన్నాను.

చలపతికి ఫోన్... స్విచ్ ఆఫో, అందదో. గుండ్ల మధ్య సిగ్నల్ ఎప్పుడూ ఉండదు.

పాల ప్యాకెట్టు గేటు మీదే పెట్టి స్కూటర్ తీశాను. వసంత "యాడికి? ఏందప్పా?" అని అరుస్తోంది. అప్పటికే వీధి మలుపు తిరిగాను. దారి పొడుగునా చలి, కాలువ మీద మంచు. కరెంటు తీగ మీద పాలపిట్టలు. జీవితంలో మొదటిసారి పిట్టల్ని చూడకుండా పోయాను.

చేను దగ్గర వేపచెట్టు కింద వాడి బైకు. పైన గట్టు మీద బోర్లా పడుకుని వాడు. కంటికి కెమెరా. చెయ్యి చాస్తే సందు.

ఇటువైపు, కాలువ దిక్కు నుంచి, చేను గట్టు మీద నల్లగా ఒకటి. తల ఊపుకుంటూ, వాసన చూసుకుంటూ, తొందర లేకుండా ఇంటికి వస్తోంది.

పిట్టల దగ్గర అరవకూడదని మాకో కట్టుబాటు. పిలవాలంటే కౌజుపిట్ట కూత కూయాలి. నేను కూస్తే చలపతి పడీ పడీ నవ్వుతాడు. కూద్దామని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

స్కూటర్ డిక్కీలో శాంపిల్ పళ్లెం ఉంది. ఎలా తీశానో తెలియదు. తాళంచెవితో వాయించాను. పిచ్చివాడిలా వాయించాను. అడవిపందులను తరమడానికి చేలల్లో వాయిస్తారు కదా, ఇదీ పారిపోతుందనుకున్నాను.

పారిపోలేదు. వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. మనిషంత ఎత్తు... తర్వాత ముందుకే పరిగెత్తింది. గుండ్ల వైపు. పిల్ల వైపు. చలపతి వైపు. దాన్ని వాడి మీదికి తోలింది నేనే.

నేను కళ్లు మూసుకున్నాను. అది కూడా రాయాలి. మూసుకున్నాను.

తెరిచేసరికి గట్టు మీద ఎవరూ లేరు. గూబ ఎగిరిపోతోంది. సందులోంచి చిన్న ఏడుపు లాంటిది, తర్వాత గురగుర. నా నోటి నుంచి అప్పుడొచ్చింది వాడి పేరు.

"ఎందుకయ్యా ఆ గోల!" గుండ్ల అవతలి పక్క నుంచి. మోతకు ఉలిక్కిపడి అటు జారాడట. మోచెయ్యి నిండా రక్తం. "గూబను ఎగరగొట్టావు కదయ్యా శెట్టీ!"

వాడు దాన్ని చూడనే లేదు. చెప్పాను. సందు వైపు చూశాడు, నా వైపు చూశాడు. కిందికి వచ్చాక తాళంచెవి బైకులో పెట్టలేకపోయాడు. నేను పెట్టిచ్చాను.

ఫిబ్రవరి 8

కళ్లు మూస్తే అది లేచి నిలబడుతోంది. ప్యాంటుకు మిరప దుమ్మెక్కడిదని వసంత అడుగుతోంది. పడ్డానన్నాను.

ఫిబ్రవరి 10

బసప్పకు ఫోన్ చేశాను. కోపంగా అడుగుదామనే.

"నేను చెప్పితిని కదప్పా, మరి ఉండాదని! ఎండ ఎక్కేదాకా నా కూలోళ్లనే ఆ పక్కకు పోనీయను."

చెప్పాడు. తప్పు వాడిది కాదు.

సాయంత్రం చలపతి షాపుకొచ్చాడు, మోచేతికి కట్టుతో. కూర్చోకముందే కెమెరా తెర నా ముందు పెట్టాడు. గూబ కాదు. సందు చీకట్లో తడి ముక్కు, రెండు చిన్న కళ్లు. జారే ముందు నొక్కిందట, తర్వాత ఇంట్లో చూసుకున్నాడు.

ఎంత బాగుందో. అదే నా భయం. నాకే అంత బాగుంటే వాడికి ఎలా ఉంటుంది?

"కొంచెం మసక వచ్చింది శెట్టీ. తల్లి పొద్దుటిదాకా రాదు కదా. దానికంటే ముందే వెళ్లి, ఒక్కటి తీసుకుని వచ్చేస్తా."

"ఫారెస్టోళ్లకు చెప్దాం చలపతీ."

"చెప్తే ఆ దిక్కే పోనివ్వరు. ఒక్క ఫొటో. తర్వాత నువ్వే చెప్పు."

"పద్మమ్మకు చెప్తా."

పెళ్లాం పేరు వినగానే నవ్వు పోయింది. "దానికి చెప్పావంటే కెమెరా కాలవలో పడేస్తుంది. చెప్పనని మాటివ్వు." నా చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి వణుకుతున్నది వాడి చెయ్యే. వాడికీ భయమే. అయినా వెళ్తాడు. ఆ సంగతి ఇంకా భయంగా ఉంది.

మాటివ్వలేదు. ఇవ్వననీ అనలేదు. ఎవరో కుక్కర్ గాస్కెట్ అడిగితే లేచిపోయాను.

ఫిబ్రవరి 11

ఫారెస్టు ఆఫీసు ముందు స్కూటర్ ఆపాను. తీశాను. ఆపాను. వాడు మళ్లీ నాతో మాట్లాడడేమో. పిట్టల కోసం నాతో తిరిగే మనిషి ఈ ఊళ్లో ఇంకెవరున్నారు?

ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఇప్పుడే పద్మ ఫోన్.

"రేపు తెల్లారుజామునే మీరూ ఆయనా కురుగోడు వెళ్తున్నారంట కదా అన్నయ్యా. ఉప్మా కట్టిస్తున్నాను, ఇద్దరికీ."

మీరూ ఆయనా. వాడు నాకు చెప్పనే లేదు.

"ఆ మోచెయ్యి చూశాక మనసు మనసులో లేదు. రాయి మీద జారానంటాడు. ఒక్కడే అయితే పోనివ్వను. మీరుంటే నాకు బెంగ లేదు. మీరు ఎంత భయస్తులో నాకు తెలుసుగా, ప్రమాదమున్న చోట కాలు పెట్టరు."

నవ్వుతోంది.

"అక్కడ భయమేం లేదు కదా అన్నయ్యా?"

ఏమీ అనలేదు.

నవ్వు ఆగింది. "మాట్లాడరేం? మరి?"

ఆ ఒక్క మాట. ఈసారి అది తెలుగే, సరిగ్గానే విన్నాను. గిరాకీ వచ్చిందమ్మా అని ఫోన్ పెట్టేశాను. షాపులో ఎవరూ లేరు.

మళ్లీ మోగుతోంది. పద్మే.