నేను మార్చిన చక్రం

మంగళవారం, రాత్రి

ధరూర్ నుంచి గద్వాల దవాఖానకు పోతుంటే ఇయ్యాల తొవ్వల కారు వెనక టైరు పంచరైంది. ఇరవై ఏండ్లు కిరాయి కార్లు నడిపిన మా ఆయన, పక్షవాతంతోని కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినప్పటి సంది పక్క సీట్ల కూసుంటుండు. బండి నేనే నడుపుతున్న. చక్రం మార్చుడు మాత్రం నాకు రాదు.

ఆయన్ను దించి పత్తిచేను గట్టుమీద కూసోబెట్టిన. "సుజాతా, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టు. నట్లు వదులు చేసినంకనే జాక్ ఎత్తు," అన్నడు. పానా చేతులకు కదలలె. దానిమీద కాలుపెట్టి నిలబడిన.

మోటరుసైకిల్ మీద పోతున్న ఇద్దరు ఆగి, "జరుగక్కా, మేం చేస్తం," అన్నరు. నాకు పానం లేచొచ్చింది.

"వద్దు తమ్మీ, ఆమెనే చెయ్యనియ్యుండ్రి. నేనెన్ని దినాలుంట?" అన్నడు ఆయన.

వాళ్లు పక్కకు జరిగిండ్రు. నేను ఏడ్చుకుంటనే స్టెప్నీ ఎక్కించిన. ఒక నట్టు బిగించినంక దాని ఎదురు నట్టు బిగించమన్నడు, గట్లనే చేసిన. ఆఖరికి నా భుజం పట్టుకొని వంగి, ఎడమచేత్తోని నట్లన్నీ తడిమి చూసిండు. "మంచిగ చేసినవ్," అన్నడు.

ఇంటికొచ్చినంక, "రేపు టైర్ల గాలి చూసుడు చూపిస్త," అన్నడు.

"గంత తొందరేముంది?" అన్న. అటు మళ్లి పండుకున్నడు.

బీపీ ఇంక తగ్గలేదని డాక్టర్ ఇయ్యాల కూడ అన్నడు. నాకు అన్నీ నేర్పించినంక ఇంక తనతోని పనేముందని అనుకుంటుండో ఏందో...

నేనైతే జర మెల్లగనే నేర్చుకుంట.