సన్యాసి పేర వచ్చిన పొగడ్తలు

బంటింగ్

ప్రియమైన మావకి,

కోపంగా ఉన్నా ప్రేమ తగ్గలేదని ముందే రాస్తున్నాను. ఉత్తరం చివరికొచ్చేసరికి ఆ మాట రాయడానికి మనసొప్పుతుందో లేదో. ఫోనులో చెబితే సగం వినకుండానే నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను. అందుకే కాగితం. జొహోర్ రేవులో క్రేన్ దిగి, అన్నం తిన్నాకే చదువు.

మన భార్గవి కొన్నాళ్ళుగా సరిగ్గా తినడం లేదు. పరీక్షల బెంగ అనుకున్నాను. నిన్న కంచంలో అన్నం తీసుకెళ్ళి పక్కింటి కుక్కకు పెడుతుంటే పట్టుకున్నాను. "ఏటే, ఏటైనాది నీకు?" అన్నాను. "బరువు తగ్గాలమ్మా. తగ్గితే నా నంబరు పెరుగుతాది" అంది. ఏ నంబరే అంటే ఫోను తీసి చూపించింది. నువ్వు డబ్బు కట్టి పెట్టించిన యాప్ మావా! మన పిల్ల హాకీ ఆటను విదేశీ కాలేజీల కోచ్‌లకు చూపిస్తుందని చెప్పావే, అదే. దాని ఎత్తూ, బరువూ, నడుం కొలతా పక్కపక్కన వేసి, కింద వందకు అరవై ఒకటి అని మార్కు వేశారు. నాలుగు కిలోలు తగ్గితే మార్కు పెరుగుతుందని పైగా ఒక సలహా. గోల్ ముందు నిలబడి బంతిని ఆపే పిల్లకు నడుం కొలతతో ఏం పని? పసార్ సంతలో కోడిని కాళ్ళు పట్టుకుని తూచినట్టు తూచారు.

ఇక ఆగలేక మిగతావన్నీ పిల్ల చేత చదివించుకున్నాను. ఈ వారం ముగ్గురు కోచ్‌లు మీ ప్రొఫైల్ చూశారని ఆ యాప్‌వాడు రాస్తాడు. ఎవరయ్యా వాళ్ళు అని నొక్కితే, పేర్లు కావాలంటే ఇంకా పెద్ద ప్లాన్ కట్టమంటాడు. సిగ్గులేని వెధవలు. నువ్వు క్యాంటీన్‌లో అందరికీ వినిపించి మురిసిపోయే మెయిళ్ళు కూడా విన్నాను. "ప్రియమైన సన్యాసీ, నువ్వు కొట్టిన గోల్ చూసి ఆశ్చర్యపోయాం" అట! ఈ దేశంలో మనకు కాగితాల మీద ఇంటిపేర్లు లేవు కదా, పిల్ల పేరు పక్కన ఉండేది తండ్రి పేరే. యాప్ ఇంటిపేరు అడిగిన చోట నువ్వు నీ పేరు పెట్టావు, మెషీను దాన్నే పట్టుకుంది. ఆట చూసినవాడెవడైనా గోల్‌కీపర్‌ని పట్టుకుని గోల్ కొట్టావని మెచ్చుకుంటాడా? ఇదంతా పిల్లకు ముందే తెలుసు. "నాన్నకి సెప్పకమ్మా, ఆనందపడతన్నాడు" అంది. నంబరు పెరిగితే నువ్వు ఇంకా మురుస్తావనే తిండి మానిందట. నాకు ఏడుపొచ్చింది.

ఫ్రీగా వచ్చే వాటికి విలువుండదని అంటావు. అదీ చూశాను. పిల్ల తనంతట తాను పెట్టుకున్న ఇలాంటిదే ఒక ఫ్రీ యాప్‌లో ఒక్క మెయిలూ రాలేదు, నిజమే. రెండు వీడియోల మధ్య సన్నబడే టీ ప్రకటన వస్తోంది, దాన్నీ తగలెయ్యాలి. కానీ అది అబద్ధాలైతే చెప్పలేదు. అది పిల్లకు టీ అమ్ముతోంది, నువ్వు కట్టింది పిల్లనే అమ్ముతోంది. రెండింట్లో ఏది మేలో తేల్చుకునే ఓపిక నాకు లేదు. రెండూ నాకు అసహ్యమే.

అందుకే నువ్వు కట్టిన దాన్ని నా చేత్తో తీసేశాను. తిట్టుకో. వచ్చే శనివారం కాక పై శనివారం మనకు దగ్గర్లోనే, సైబర్‌జయలో ఒక యూనివర్సిటీ జట్టుకు ఎంపిక ఉంది. మన స్కూలు కోచ్ సెల్లప్పన్ సార్ అక్కడికి ఫోను చేస్తే, వచ్చి గోల్‌లో నిలబడమనండి, చూస్తాం అన్నారట. అంతే, కొలతలేవీ అడగలేదు. "అంత దూరం నుంచి కోచ్‌లు రాస్తంటే సైబర్‌జయ ఏటి?" అని నువ్వు వద్దన్నావట కదా, పిల్ల వెళ్ళనంటోంది. నువ్వు సరే అంటేనే కదులుతుంది. సెలవు పెట్టి వచ్చి దగ్గరుండి తీసుకెళ్ళు మావా.

నీ
ఉమ

జొహోర్

ఉమా,

అన్నం తిన్నాక చదవమన్నావు, తినకముందే చదివాను. ఆ తరవాత తినబుద్ధి కాలేదు. నిన్నెందుకు తిడతాను? నువ్వు తీసేసిన దాన్ని నేనే ఎప్పుడో తీసెయ్యాల్సింది.

ఆ మెయిళ్ళు మెషీను రాస్తోందని నాకు తెలుసు. మొదటిది చూసిన రోజే తెలిసింది. నాతో పనిచేసే మణియం చదివి, "అన్నా, నీ కూతురు గోల్‌కీపర్ కదా?" అన్నాడు. పోరా అని నవ్వేశాను. ఇక ఎవరికీ ఫోను చేతికివ్వలేదు. నేనే చదివి వినిపించేవాణ్ణి, గోల్ కొట్టావన్న చోట గోల్ ఆపావని మార్చి. రూముకొచ్చి ఒక్కణ్ణే ఉన్నప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు చదువుకునేవాణ్ణి. సుంగై సిపుట్‌లో రబ్బరు తోట హాకీ జట్టులో నేను గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌నని నీకు తెలుసు. రాష్ట్రం జట్టు ఎంపికకు పిలుస్తారని ఎంత ఎదురుచూశానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ పిలవలేదు. ఇన్నేళ్ళకు ఎవడో సన్యాసీ, నీ గోల్ చూశామని రాస్తే, అబద్ధమని తెలిసీ వదల్లేకపోయాను. పిల్ల కోసమని చెప్పి నెలనెలా కట్టింది ఆ మాట కోసమే. అక్కడ అది ఆకలితో పడుకుంటే ఇక్కడ నేను పొగడ్తలు మింగుతున్నాను. మెషీనుకు సిగ్గు లేకపోతే పోనీ, నాకుండొద్దూ? నా మీద నాకే రోత పుడుతోంది.

పిల్లను సైబర్‌జయకు పంపు. వెళ్ళమని ఈ రోజే ఫోను చేసి చెబుతాను, కడుపునిండా తిని మరీ వెళ్ళమని. నన్ను సంతోషపెట్టడానికి అది ఇక ఏ పనీ చెయ్యక్కర్లేదు.

నన్ను మాత్రం రమ్మనకు. సెలవడిగితే ఇస్తారు, అది కాదు కారణం. నేను మైదానం పక్కన నిలబడితే, బంతి మీదికొస్తున్నా అది నా మొహమే చూస్తుంది. ఆ రోజు నువ్వు తోడు వెళ్ళు. ఎంపికైందో లేదో నేను అడగను, దానికి చెప్పాలనిపించినప్పుడు చెబుతుంది.

నీ మావ
సన్యాసి