సైజింగు కాటా మీద మా చెల్లెలు

బాలికల బాక్సింగ్ పోటీల విచారణ సంఘం అధ్యక్షుల వారికి, సభ్యులకు,
కోరుట్ల.

విషయం: తమ నివేదికలోని "స్వచ్ఛందంగా" అన్న మాటను కొట్టివేయుట గురించి.

అయ్యా,

తాము మోపిన అభియోగాన్ని ముందుగా నేనే చదివి వినిపిస్తాను. "క్రీడాకారిణి మనీషా బరువు తగ్గుటకై స్వచ్ఛందంగా అన్నపానీయాలు మానివేసినది. ఆమె అక్క అక్షిత శిక్షకునిపై ద్వేషంతో వేదికనెక్కి, మైకు లాక్కొని, బహుమతి ప్రదాన సభకు భంగం కలిగించినది."

రెండవ వాక్యంలో ద్వేషమన్నది తప్ప మిగతాదంతా నిజం. మైకు లాక్కున్నాను. అప్పటికి మా చెల్లెలిని ఆసుపత్రికి ఎత్తుకుపోయారు, వేదిక మీద శాలువాలు కప్పుకుంటున్నారు. నా జవాబు మొదటి వాక్యానికి.

1. మాది సిరిసిల్ల. తండ్రి జలపతి మరమగ్గాల షెడ్డులో సాంచాలు నడుపుతాడు. తల్లి లచ్చవ్వ బీడీలు చుడుతుంది. నేను జగిత్యాలలో గది తీసుకొని పీజీ చదువుతున్నాను, విద్యార్థి సభల్లో మైకు పట్టుకొని మాట్లాడుతుంటాను. మనీషా నాకంటే చిన్నది, పద్దెనిమిది నిండలేదు.

2. కోరుట్ల పోటీలకు నలభై ఎనిమిది కిలోలు దాటరాదని శిక్షకుడు హన్మంతు గారు ఆమెకు చెప్పారు. శిక్షణ కేంద్రంలోని కాటా చెడిపోయినందున, పిల్లలను తన బావమరిది నడిపే సైజింగు షెడ్డుకు పంపారు. నూలుకు గంజి పట్టించి, వేడి మీద ఆరబెట్టే చోటు అది. నూలు మూటలు తూచే కాటా అక్కడ ఉన్నది, ఒళ్లంతా చెమటలు పట్టించే గదీ ఉన్నది. రెయిన్‌కోటు తొడుక్కొని ఆ గదిలో తాడు దూకడం, బయటికొచ్చి కాటా ఎక్కడం, ముల్లు దిగలేదని మళ్లీ లోపలికి పోవడం. దప్పికైతే నోరు పుక్కిలించి ఉమ్మేయమన్నారు. పెద్దలు చెప్పిన మాటను చిన్నపిల్ల తు.చ. తప్పక పాటిస్తే, దానిని స్వచ్ఛందమని ఏ నిఘంటువు అంటుందో తాము సెలవియ్యాలి.

పోటీకి ముందు రోజు ఫోన్ చేసి మానుకోమన్నాను. నాకు తెలిసిన వాదాలన్నీ వాడాను. ఆమె ఎండిన గొంతుతో నవ్వింది.

"నువ్వు మైకుల కొట్లాడు అక్కా, నేను రింగుల కొట్లాడుత. నీతోని వాదం వెట్టుకుంటె నోరెండుతది, మల్ల నీళ్లు తాగబుద్ధయితది. ఫోన్ వెట్టెయ్."

వాదనలో నన్ను ఓడించినది ఆమె ఒక్కతే.

3. కోరుట్లలో అధికారిక కాటా మీద ఆమె నలభై ఆరు కిలోలే తూగింది. ముందు రోజు సిరిసిల్లలో సరిగ్గా నలభై ఎనిమిది చూపించిన పిల్ల. కాటా దగ్గరి అధికారి "అర్హురాలు" అని రాసుకొని తరువాతి పిల్లను పిలిచారు. కొంచెం ఎక్కువ తూగితే వెనక్కి పంపే నిబంధన ఉన్నది. ఇంత తక్కువ తూగితే "ఏమైంది బిడ్డా" అని అడిగే నిబంధన లేదు. తూకం తరువాత తాగిన నీళ్లను కడుపు నిలుపుకోలేదు. రెండో రౌండులో, ప్రత్యర్థి చెయ్యి తగలకముందే, తాళ్లకు ఆనుకొని నెమ్మదిగా కూర్చున్నట్టే కూలబడింది.

4. ఆసుపత్రి వరండాలో మా తండ్రికి ఈ రెండు తూకాల సంగతి చెప్పాను. సిరిసిల్లలో ఏ కాటా ఎక్కిందని అడిగాడు. సైజింగుదని చెప్పాను.

"గా కాటా రెండు కిలలు ఎక్కువ చూపిస్తది బిడ్డా. సాంచాలోళ్లందరికి ఎరుకే."

నూలు ఇచ్చేటప్పుడు ఎక్కువ చూపి, తక్కువ నూలు చేతిలో పెట్టడం ఆ షెడ్డు ఆనవాయితీ. అడిగితే పని పోతుంది. కనుక కార్మికులు ఆ రెండు కిలోలను మనసులోనే తీసివేసుకొని, మూట భుజానికెత్తుకొని వస్తారు. కూతురు శిక్షణ కేంద్రపు కాటాయే ఎక్కుతున్నదని ఆయన అనుకున్నాడు.

"నూలుకైతే తీసేస్కుంటిమి. బిడ్డకు తీసెయ్యకపోతిమి," అన్నాడు.

అయ్యా, షెడ్డులో మొదటిసారి ఎక్కిననాడు ఆ కాటా యాభై చూపింది. అంటే ఆ నాడే ఆమె అర్హురాలు. తగ్గవలసిన బరువే ఆమె ఒంటి మీద లేదు.

5. ఒంట్లో నీరింకి దెబ్బతిన్న మనీషా మూత్రపిండాలు ఇప్పుడు పనిచేయడం లేదు. నా గదిలోనే ఉంటూ జగిత్యాలలో డయాలసిస్ చేయించుకుంటున్నది. మంచమెక్కే ముందూ దిగిన తరువాతా బరువు తూస్తారు. నీళ్లు ఇన్నే తాగాలని డాక్టర్లు కొలత పెట్టారు. మధ్యాహ్నం పూట చన్నీళ్ల గ్లాసును చెంపకు ఆనించుకొని కూర్చుంటుంది. తాగదు.

6. వచ్చే ఆదివారం సిరిసిల్లలో ఎంపిక పోటీలు. అదే శిక్షకుడు, అదే షెడ్డు. మా వాడకట్టు పిల్ల పూజ ఆ గదిలో తాడు దూకుతున్నది. పోయి కాటా సంగతి చెప్పాను, వద్దని బతిమాలాను.

"తప్పు మనీషక్కదే అని రిపోర్టుల రాసిండ్రట గదా అక్కా. సార్ సూపిచ్చిండు," అన్నది.

"స్వచ్ఛందంగా" అన్న ఆ ఒక్క మాట కోసం నేనెందుకింత పెనుగులాడుతున్నానో తమకు ఇప్పుడు అర్థమై ఉండవచ్చు. తాము రాసిన మాట అటకెక్కలేదు. అది మరో పిల్లను ఆ గదిలోకి నడిపిస్తున్నది.

కావున పై సంగతులు ఆదివారం లోపలనే చిత్తగించవలెను.

"తమ విధేయురాలు" అని రాయవలసిన చోటు ఇది. మా ఇంట్లో విధేయురాలు మనీషా. నేను అర్జీదారును మాత్రమే.

అక్షిత,
జలపతి పెద్ద కూతురు, సిరిసిల్ల.

తా.క. దీనిని మనీషాకు చదివి వినిపించాను. కళ్లు మూసుకొని చివరిదాకా విన్నది. "గింత పొడుగు ఎవలు సదువుతరక్కా? పూజకు గిలాసెడు నీళ్లు తాపుమను, చాలు," అన్నది.

సభ్యులారా, ఆదివారానికి ముందే మీలో ఒక్కరు సిరిసిల్ల రండి. మొదట సైజింగు కాటా ఎక్కండి, తరువాత మీ వెంట తెచ్చిన పోటీల కాటా ఎక్కండి. కనబడిన తేడాను మీ చేత్తో ఆ "స్వచ్ఛందంగా" మీద రాసి సంతకం చేయండి. ఆ చేత్తోనే పూజకు నీళ్లివ్వండి.